సూపర్‌మెరీన్ వాల్‌రస్: నేల మీదా నీళ్ల మీదా దిగిన యుద్ధ విమానం – తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్ పేరు వినని విమానాభిమాని ఉండడు. దాన్ని గీసిన చేతులే వాల్‌రస్‌నీ గీశాయంటే మాత్రం చాలామంది నమ్మరు. ఫొటో చూపిస్తే మొదట వచ్చే ప్రశ్న "ఇది నిజంగా ఎగిరేదా?" అనే. ఎగిరేది. రెండో ప్రపంచ యుద్ధం మొత్తం ఎగిరింది. చల్లటి సముద్రంలో ప్రాణాల మీద ఆశ వదులుకున్న వందల మందిని ఇంటికి చేర్చింది. నాకు ఈ విమానమంటే చాలా ఇష్టం. అందుకే తరచుగా ఎదురయ్యే ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

అసలు వాల్‌రస్ అంటే ఏమిటి?

బ్రిటన్‌లోని సూపర్‌మెరీన్ కంపెనీ 1930లలో తయారు చేసిన సైనిక విమానం. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలుంటాయి కాబట్టి బైప్లేన్. పొట్ట భాగం పడవలా ఉంటుంది, పైగా చక్రాలు కూడా ఉంటాయి. అందువల్ల సముద్రం మీదా దిగుతుంది, రన్‌వే మీదా దిగుతుంది. రెక్కల చివరి నుంచి చివరికి దాదాపు 14 మీటర్లు, పొడవు 11 మీటర్లకు కాస్త పైన. ఒకటే ఇంజన్. గరిష్ఠ వేగం గంటకు 217 కిలోమీటర్ల దాకా. అదే కాలపు తొలి స్పిట్‌ఫైర్‌లు గంటకు 570 కిలోమీటర్లు దాటేవి.

వాల్‌రస్ అనేది ఉత్తర ధ్రువ సముద్రాల్లో ఉండే పొడవాటి కోరల జంతువు పేరు. నీళ్లలో ఈదుతుంది, ఒడ్డుకొచ్చి పడుకుంటుంది. విమానానికి ఇంతకంటే సరిపోయే పేరు దొరకదు.

సీప్లేన్, ఫ్లయింగ్ బోట్, యాంఫిబియన్ – మూడూ ఒకటేనా?

నీళ్ల మీద దిగే విమానాలన్నిటినీ మనం మాటవరసకి సీప్లేన్ అనేస్తాం. వివరంగా చూస్తే తేడాలున్నాయి. 2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం దాకా ఎగిరిన విమానాన్ని టీవీలో చూసే ఉంటారు. మామూలు విమానం కిందే పొడవాటి పడవల్లాంటి రెండు ఫ్లోట్లు బిగించి ఉంటాయి దానికి. ఆ ఫ్లోట్లే నీళ్లలో తేలతాయి, విమానం శరీరం నీటిని తాకదు. ఫ్లయింగ్ బోట్‌లో అలా కాదు, విమానం శరీరమే పడవ. అలాంటి దానికి నేల మీద దిగగలిగే చక్రాలు కూడా ఉంటే అది యాంఫిబియన్. వాల్‌రస్ ఈ చివరి రకం. రెక్కల చివర్ల కింద చిన్న ఫ్లోట్లు ఉంటాయి కానీ, అవి నీళ్లలో విమానం పక్కకి ఒరిగిపోకుండా ఆపడానికే.

దీన్ని ఎవరు, ఎందుకు తయారు చేశారు?

డిజైనర్ ఆర్. జె. మిచెల్. కంపెనీ ఉన్నది సౌతాంప్టన్ దగ్గర వూల్‌స్టన్‌లో. అప్పటికే ఆయన రేసు విమానాలకు పేరుపడ్డాడు. ఆయన గీసిన ఎస్.6బి 1931లో సముద్ర విమానాల పందెం ష్నైడర్ ట్రోఫీని బ్రిటన్‌కు శాశ్వతంగా తెచ్చిపెట్టింది, అదే నెలలో గంటకు 400 మైళ్ల వేగం దాటింది. అంత వేగం గురించి ఆలోచించే మనిషే గంటకు 217 కిలోమీటర్ల విమానాన్నీ అంతే శ్రద్ధగా గీశాడు.

మొదట కావాలని అడిగింది బ్రిటన్ కాదు, ఆస్ట్రేలియా. అక్కడి వైమానిక దళం దగ్గర సూపర్‌మెరీన్ వాళ్లవే సీగల్ 3 అనే పాత విమానాలు ఉండేవి. యుద్ధనౌక మీది కాటపుల్ట్ (విమానాన్ని ఒక్క ఊపున గాల్లోకి విసిరే పట్టాల యంత్రం) నుంచి విసిరితే తట్టుకునే శక్తి వాటికి లేదు. అది తట్టుకోగల కొత్త విమానం కావాలన్నారు. మిచెల్ బృందం సీగల్ 5 అనే పేరుతో కొత్తది తయారు చేసింది. ఆస్ట్రేలియా 24 కొన్నది. బ్రిటిష్ నౌకాదళం 1935లో 12 ఆర్డర్ చేసి, పేరు వాల్‌రస్‌గా మార్చింది. ఆ పేరుతో మొదటి విమానం 1936 మార్చిలో ఎగిరింది. స్పిట్‌ఫైర్ మొదటిసారి ఎగిరింది కూడా సరిగ్గా అదే నెలలో, మార్చి 5న. ఒకే డిజైన్ ఆఫీసు, ఒకే నెల, ఇంత తేడా ఉన్న రెండు విమానాలు. ఆ తర్వాతి ఏడాది జూన్‌లో మిచెల్ క్యాన్సర్‌తో చనిపోయాడు, అప్పటికి ఆయనకు 42 ఏళ్లు. యుద్ధంలో తన రెండు విమానాలూ ఏం చేశాయో చూడలేదు.

మొదటి ప్రదర్శనలోనే గిరికీ కొట్టిందంటారు, నిజమా?

నిజం. 1933 జూన్ 21న సీగల్ 5 మొదటిసారి ఎగిరింది. నడిపింది జోసెఫ్ సమ్మర్స్. స్పిట్‌ఫైర్‌ని మొదట ఎగరేసిన టెస్ట్ పైలట్ కూడా ఈయనే. ఐదు రోజుల తర్వాత లండన్‌లోని హెండన్‌లో జరిగిన ప్రదర్శనకు దాన్ని తీసుకెళ్లి, జనం చూస్తుండగా ఆకాశంలో నిలువునా ఒక పూర్తి చుట్టు తిప్పేశాడు. చూస్తున్న మిచెల్‌కే నోట మాట రాలేదట. కాటపుల్ట్ దెబ్బకి తట్టుకోవాలని విమానాన్ని అంత గట్టిగా కట్టారు కాబట్టే అది సాధ్యమైంది. తర్వాత మిగతా పైలట్లూ చేశారు. పడవ అడుగున చేరిన సముద్రపు నీళ్లు తోడకుండా గిరికీ కొడితే ఆ నీళ్లన్నీ నెత్తిన పడేవి.

ఇంజన్ వెనక్కి తిరిగి ఉందేమిటి?

బ్రిస్టల్ పెగసస్ ఇంజన్‌ని కింది రెక్కకీ పై రెక్కకీ మధ్యలో, ప్రొపెల్లర్ తోకవైపు ఉండేలా బిగించారు. అంటే విమానాన్ని ముందుకు లాగదు, వెనక నుంచి తోస్తుంది. కారణం సముద్రమే. నీళ్ల మీద పరుగెత్తేటప్పుడు ముక్కు దగ్గర లేచే నీటి తుంపర చిన్నది కాదు. తిరుగుతున్న చెక్క ప్రొపెల్లర్‌కి ఆ నీళ్లు తగిలితే అంచులు దెబ్బతింటాయి. ఇంజన్‌ని పైకి, వెనక్కి పెడితే ప్రొపెల్లర్‌కి రెక్కలూ శరీరమూ అడ్డుగా ఉంటాయి. పైగా ముక్కు దగ్గర నిలబడి తాడు విసిరే మనిషికి ప్రొపెల్లర్ భయం ఉండదు.

ఇంకో చిన్న సంగతి. విమానాన్ని పైనుంచి చూస్తే ఇంజన్ సూటిగా ఉండదు, మూడు డిగ్రీలు కుడివైపు తిరిగి ఉంటుంది. ప్రొపెల్లర్ నుంచి మెలితిరుగుతూ వచ్చే గాలి తోకని ఒక పక్కకి నెట్టేస్తుంది కాబట్టి దానికి విరుగుడుగా అలా పెట్టారు. చూడ్డానికి ఎవరో సరిగ్గా బిగించలేదన్నట్టు ఉంటుంది, కానీ లెక్క వేసి చేసిన పని.

ఓడ మీద నుంచి ఎలా ఎగిరేది? మళ్లీ ఓడెక్కేది ఎలా?

నా దృష్టిలో వాల్‌రస్ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం ఇదే.

క్రూయిజర్లు, పెద్ద యుద్ధనౌకల మీద రన్‌వే ఉండదు. అందుకని డెక్ మీద కాటపుల్ట్ అనే పట్టాల యంత్రం ఉండేది. విమానాన్ని దాని మీది బండిలో కూర్చోబెట్టి, ఇంజన్‌ని పూర్తి వేగంతో తిప్పుతూ, కార్డైట్ మందు పేల్చి ఒక్క ఊపున బయటికి విసిరేవారు. కొన్ని మీటర్ల దూరంలోనే ఎగిరే వేగం రావాలి. ఆ కుదుపుకి తట్టుకోవాలనే రెక్కల లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ దూలాలు వేశారు. పూర్తి సైనిక బరువుతో కాటపుల్ట్ నుంచి ఎగిరిన మొదటి యాంఫిబియన్ ఇదే.

ఎగరడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఒక ఎత్తు. విమానం ఓడ పక్కన సముద్రంలో దిగాలి. అల పెద్దగా ఉంటే దిగడం కష్టం. అందుకని విమానం దిగబోయే ముందు ఓడ ఇరవై డిగ్రీల దాకా ఒక పక్కకి తిరిగేది. అంత పెద్ద ఓడ తిరిగితే గాలి తగలని పక్క కొంతసేపు నీళ్లు చదునుగా మారతాయి. ఆ నున్నటి జాగాలో దిగి, అది చెదిరిపోకముందే విమానం పరుగు పరుగున ఓడ పక్కకి చేరాలి. అప్పుడు సిబ్బందిలో ఒకడు ఇంజన్ మీదుగా పై రెక్క మీదికి ఎక్కి, అక్కడి చిన్న అరలో ఉన్న తాళ్ల కట్టని తీసి, పైన ఊగుతున్న క్రేన్ కొక్కేనికి తగిలించాలి. కింద విమానం ఊగుతుంది, పక్కన ఓడ ఊగుతుంది, తల పైన బరువైన కొక్కెం ఊగుతుంది, వెనకే ఇంజన్ తిరుగుతూ ఉంటుంది. ఎంత టెన్షన్‌గా ఉండేదో ఊహించండి. ఈ పని చేసినవాళ్లకి పతకాలు దక్కింది తక్కువే.

పైకి లాగాక రెక్కలు వెనక్కి మడిచి హ్యాంగర్‌లో పెట్టేవారు.

చక్రాలు దించి ఉంచి నీళ్ల మీద దిగితే ఏమవుతుంది?

బోర్లా పడుతుంది. చక్రాలు నీళ్లని పట్టుకుంటాయి, ముక్కు కిందికి గుచ్చుకుంటుంది, విమానం పల్టీ కొడుతుంది. యాంఫిబియన్ నడిపే ప్రతి పైలట్‌కీ ఈరోజుకీ ఉన్న భయం ఇది. వాల్‌రస్ మొదటి రోజుల్లో ఒక అడ్మిరల్ ప్రయాణిస్తుండగానే ఇలా జరిగింది. ఆ తర్వాత చక్రాలు పైన ఉన్నాయా కింద ఉన్నాయా తెలిపే సూచిక పైలట్ ముందు పెట్టారు. అలాంటి సూచికలు వచ్చిన తొలి విమానాల్లో ఇదొకటి.

లోపల ఎంతమంది ఉండేవారు?

ముగ్గురు లేదా నలుగురు: పైలట్, దారి లెక్కలు చూసే నావిగేటర్, రేడియో మనిషి, అవసరమైతే ఇంకొకరు. ముక్కు దగ్గరా వెనకా ఒక్కో మెషిన్‌గన్. రెక్కల కింద బాంబులు, లేదా జలాంతర్గాముల మీద వేసే డెప్త్ చార్జీలు. పాత సముద్ర విమానాల్లో సిబ్బంది ఎండకీ వానకీ తడుస్తూ కూర్చునేవారు. ఇందులో కాక్‌పిట్‌కి పూర్తిగా కప్పు వేశారు.

కంట్రోల్ స్టిక్ సంగతి చెప్పకుండా ఉండలేను. నేల దగ్గర రెండు సీట్ల ముందూ ఒక్కో సాకెట్ ఉండేది. స్టిక్ మాత్రం సాధారణంగా ఒక్కటే వాడేవారు. పక్కవాడు నడపాలంటే పైలట్ స్టిక్‌ని సాకెట్ నుంచి పీకి అతని చేతికిచ్చేవాడు, అతను తన ముందున్న సాకెట్‌లో గుచ్చుకునేవాడు. ఎగురుతుండగానే!

యుద్ధంలో దీని పనేమిటి?

మొదట్లో కళ్లు. ఓడ మీది గస్తీవాడికి దిగంతం దాకానే కనిపిస్తుంది. విమానం పైకెళ్లి దానికి అవతల ఏముందో చూసి రేడియోలో చెబుతుంది, ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి గురి సరిచేయిస్తుంది. భారీ పోరాటాలకు పనికొచ్చే విమానం కాదు. అయినా దాడులు చేసింది. 1940 నవంబరు 7న ఆఫ్రికా పడమటి తీరంలో గాబన్ దగ్గర, డెవన్‌షైర్ క్రూయిజర్ నుంచి ఎగిరిన వాల్‌రస్ బాంబులు వేసి, జర్మనీకి అనుకూలంగా నడిచిన విషీ ఫ్రెంచ్ ప్రభుత్వపు జలాంతర్గామి పొన్స్‌లేను దెబ్బతీసింది. మిల్ఫోర్డ్ అనే చిన్న యుద్ధనౌక కూడా ఆ వేటలో ఉంది. చివరికి ఆ జలాంతర్గామిని దాని కెప్టెనే ముంచేసి, దానితోపాటే వెళ్లిపోయాడు. 1942 జూలైలో బీరూట్ దగ్గర ఇటాలియన్ జలాంతర్గామి ఒండీనా మునగడంలోనూ ఒక వాల్‌రస్ పాత్ర ఉంది.

దెబ్బలూ తిన్నది. 1939 డిసెంబరులో దక్షిణ అమెరికా తీరంలో, రివర్ ప్లేట్ యుద్ధంలో బ్రిటిష్ క్రూయిజర్ ఎక్సెటర్ మీదున్న రెండు వాల్‌రస్‌లూ గుండ్ల ముక్కలు తగిలి పాడయ్యాయి. పెట్రోలుతో నిండిన విమానం డెక్ మీద ఉండటమే ప్రమాదమని సముద్రంలోకి తోసేశారు.

మన సముద్రాల వైపు వచ్చిందా?

వచ్చింది. హిందూ మహాసముద్రంలో జర్మన్ దొంగనౌక పింగ్విన్ సరుకు ఓడలా వేషం వేసుకుని చాలా ఓడల్ని ముంచింది. 1941 మే 8న, సీషెల్స్ ప్రాంతంలో కార్న్‌వాల్ క్రూయిజర్ తన వాల్‌రస్‌ని పంపి వెతికించింది. విమానానికి ఒక ఓడ కనిపించింది. తాను నార్వే ఓడ టామర్‌లేన్‌నని ఆ ఓడ చెప్పుకుంది. అనుమానం తీరక కార్న్‌వాల్ వెంటాడింది, చివరికి ముసుగు తొలగి కాల్పులు మొదలయ్యాయి, పింగ్విన్ పేలిపోయింది. ఆ ఓడ అడుగున బందీలుగా 200 మందికి పైగా ఉన్నారు. క్లాన్ బుకానన్ లాంటి ఓడల్లో పనిచేస్తూ పట్టుబడ్డ భారతీయ నావికులు వాళ్లలో ఉన్నారు. బయటపడ్డ బందీలు 22 మంది. విజయం అని చదివే ప్రతిసారీ ఈ సంఖ్య కూడా చదవాలనిపిస్తుంది నాకు.

ఆ కార్న్‌వాల్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1942 ఏప్రిల్ 5న సిలోన్‌కి నైరుతిగా జపాన్ విమానాలు దాన్నీ, మరో బ్రిటిష్ క్రూయిజర్ డార్సెట్‌షైర్‌నీ ముంచేశాయి. ఆ మర్నాడే, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అవి జపాన్ వాళ్లు హిందూ మహాసముద్రంలో చేసిన ఒకే దండయాత్రలో భాగాలు.

తర్వాత 1944లో బంగాళాఖాతంలో పడిపోయిన విమాన సిబ్బందిని కాపాడటానికి బ్రిటిష్ వైమానిక దళం జెస్సోర్‌లో 292 స్క్వాడ్రన్ పెట్టింది. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఆ దళం వాడిన విమానాల్లో వాల్‌రస్ ఒకటి.

ఓడల మీద నుంచి ఎందుకు తీసేశారు?

రాడార్ వచ్చింది. పగలూ రాత్రీ, మబ్బులోనూ దూరం చూసే యంత్రం ఓడ మీదే ఉంటే, ఒక విమానం కోసం కాటపుల్ట్, హ్యాంగర్, పెట్రోలు, క్రేన్ అన్నీ మోసుకెళ్లడం ఎందుకు? విమాన వాహక నౌకలూ పెరిగాయి. 1943 నుంచి ఒక్కొక్క ఓడ నుంచీ దించేశారు.

మరి కాపాడే విమానంగా ఎలా మారింది?

బ్రిటన్ మీద వైమానిక పోరు జరుగుతున్నప్పుడు, 1940లో, ఇంగ్లిష్ చానల్‌లో పడిన పైలట్లను వెతికే పద్ధతి బ్రిటన్‌కి సరిగ్గా లేదు. పారాచూట్‌తో క్షేమంగా దిగినవాళ్లు కూడా చలినీళ్లలో చనిపోయేవారు. జర్మన్ల దగ్గర మాత్రం ఆ పని కోసమే నీళ్ల మీద దిగే విమానాలున్నాయి. 1941లో బ్రిటన్ మేలుకుని ప్రత్యేక దళాలు పెట్టింది. వాళ్ల చేతికి వచ్చిన సరైన పనిముట్టు వాల్‌రస్.

పని ఇలా జరిగేది. స్పిట్‌ఫైర్ లాంటి వేగమైన విమానం వెళ్లి రబ్బరు తెప్పని వెతికి, పొగ గుర్తు వేసి, పైన తిరుగుతూ కాపలా కాసేది. వెనకాల వాల్‌రస్ నింపాదిగా వచ్చి పక్కన దిగేది. వెనక తలుపు దగ్గర ఒకడు కొక్కెం కర్రతో తెప్పని దగ్గరికి లాగేవాడు. నీళ్లలో గంటలు గడిపినవాడికి చేతులు పనిచేయవు, తాడు పట్టుకోలేడు, తడిసిన బట్టలతో బరువు రెట్టింపవుతుంది. అలాంటి మనిషిని ఊగే విమానంలోంచి వంగి పైకి లాగాలి. లోపల దుప్పట్లు చుట్టి కూర్చోబెట్టాలి.

కొన్నిసార్లు ఎక్కినవాళ్లు ఎక్కువై, లేదా అలలు పెద్దవై, విమానం మళ్లీ లేవలేకపోయేది. అప్పుడు పైలట్ దాన్ని పడవలాగే నడుపుకుంటూ ఒడ్డు దాకా వచ్చేవాడు. నీటి మందుపాతరలు పెట్టిన చోట్లా దిగారు, ఎందుకంటే అక్కడికి రక్షణ బోట్లు వెళ్లలేవు. శత్రువు తీరం నుంచి ఫిరంగులు కాల్చే దూరంలోనూ దిగారు.

ఈ పనుల్లో కాపాడిన విమాన సిబ్బంది వెయ్యి మంది దాకా ఉంటారు. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో హాకింజ్, షోరమ్ లాంటి చోట్ల నుంచి పనిచేసిన 277 స్క్వాడ్రన్ ఒక్కటే 598 మందిని కాపాడింది. మధ్యధరా సముద్రంలోనూ ఇలాంటి దళాలు పనిచేశాయి. విమానం గొప్పదనాన్ని ఎన్ని కూల్చింది అన్న లెక్కతోనే కొలవడం మనకు అలవాటు. ఈ 598 నాకు వాటన్నిటికంటే పెద్ద సంఖ్య.

అంత నెమ్మదైన విమానం ఈ పనికి పనికొచ్చిందా?

నెమ్మదిగా ఎగరగలగడమే దాని బలం. తక్కువ వేగంలో కూడా గాల్లో నిలిచే విమానం తక్కువ వేగంతోనే నీళ్లని తాకుతుంది, అల కొట్టే దెబ్బ అంత తగ్గుతుంది. పెద్ద రెక్కలు రెండు జతలు ఉండటం వల్ల వచ్చిన లాభమది. 1930ల చివరికే పాతబడ్డ పద్ధతి అని అందరూ వదిలేస్తున్న బైప్లేన్ రూపమే ఇక్కడ అక్కరకొచ్చింది.

చెక్క వాల్‌రస్‌లు కూడా ఉన్నాయా?

ఉన్నాయి. మొదట అల్యూమినియం మిశ్రమంతో పడవ భాగాన్ని కట్టారు. వేడి, తేమ ఉన్న దేశాల్లో చెక్క త్వరగా పాడవుతుందన్న అనుభవంతో లోహం ఎంచుకున్నారు. యుద్ధం మొదలయ్యాక సూపర్‌మెరీన్‌కి స్పిట్‌ఫైర్ పనే తలకు మించిపోయింది. దాంతో వాల్‌రస్ తయారీ వైట్ దీవిలోని సాండర్స్-రో కంపెనీకి వెళ్లింది. లోహానికి కరువు కాబట్టి వాళ్లు పడవ భాగాన్ని చెక్కతో కట్టారు. అదే వాల్‌రస్ 2. బరువు కాస్త పెరిగింది. 1944 మొదట్లో తయారీ ఆగేసరికి అన్ని రకాలూ కలిపి దాదాపు 740 తయారయ్యాయి.

మారుపేర్లు ఏమైనా ఉన్నాయా?

నావికులు 'షాగ్‌బాట్' అని పిలిచేవారు. ఇంకోటి 'స్టీమ్ పిజన్', అంటే ఆవిరి పావురం. కాలుతున్న ఇంజన్ మీద సముద్రపు నీళ్లు పడితే భగ్గున ఆవిరి లేచేది, అందుకని.

దీని తర్వాత ఏం వచ్చింది?

సీ ఆటర్. అదీ సూపర్‌మెరీన్ బైప్లేనే, ఇంజన్ మాత్రం ముందుకి తిరిగింది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి వాల్‌రస్‌ని పూర్తిగా తప్పించలేకపోయింది. ఆ తర్వాత ఈ కాపాడే పనంతా హెలికాప్టర్ల చేతికి వెళ్లింది.

యుద్ధం అయ్యాక ఏమయ్యాయి?

చాలావరకు ముక్కలు చేసి అమ్మేశారు. కొన్ని అంటార్కిటికా వైపు వెళ్లాయి. 1946–47లో బలీనా అనే నౌక మీద తిమింగలాల్ని వెతకడానికి వాడారు. 1947 డిసెంబరులో ఆస్ట్రేలియా పరిశోధకులు దక్షిణ సముద్రంలోని హర్డ్ దీవికి ఒకటి తీసుకెళ్తే, తుఫాను గాలికి అక్కడే ధ్వంసమైంది. దాని శిథిలాల్ని 1980లో వెనక్కి తెచ్చారు.

ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా?

ప్రపంచం మొత్తం మీద మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లండన్ వెళ్తే హెండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఆస్ట్రేలియాకు అమ్మిన సీగల్ 5లలో ఒకటి ఉంది. గిరికీ కొట్టింది ఆ ఊళ్లోనే. మెల్‌బోర్న్ దగ్గర ఉండే తెలుగువాళ్లు పాయింట్ కుక్ మ్యూజియానికి వెళ్లొచ్చు. హర్డ్ దీవి నుంచి తెచ్చి బాగుచేసిన విమానం అక్కడిదే.

మూడోది ఇంగ్లండ్‌లో, యోవిల్టన్‌లోని నౌకాదళ మ్యూజియంలో ఉంది. మొదట ఐర్లండ్ కొన్న విమానం అది. యుద్ధంలో తటస్థంగా ఉన్న ఆ దేశపు సైనికులు కొందరు 1942 జనవరిలో దాన్ని దొంగిలించి, జర్మన్లతో కలవడానికి ఫ్రాన్స్ వైపు ఎగిరారు. బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌లు దారిలోనే చుట్టుముట్టి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ జిల్లాలోని స్థావరంలో దింపేశాయి. మిచెల్ విమానాన్ని మిచెల్ విమానాలే పట్టుకొచ్చాయన్నమాట. తర్వాత చేతులు మారి మారి, 1963లో థేమ్ అనే ఊరి దగ్గర చెత్తకుప్పలో రెక్కలు లేకుండా దొరికింది. నౌకాదళం వాళ్లు ఓపిగ్గా బాగుచేసి 1966 నాటికి మ్యూజియంలో నిలబెట్టారు. దాని దగ్గరికి వెళ్తే ముందు పై రెక్క వైపు చూడండి. ఊగే సముద్రం మీద ఒక మనిషి ఎక్కి నిలబడి కొక్కెం తగిలించిన చోటు అదే.